శాసనసభ్యుడు, వితంతువు, న్యాయస్థానము

న్యూయార్కు నగరమున హార్లెమ్ అను పేట యొకటి కలదు. అందు చిరకాలముగా నల్లజాతి ప్రజలు పెక్కుమంది నివసించుచు వచ్చిరి. 1960వ సంవత్సరము తరువాత కొన్ని యేండ్లపాటు ఆ పేటలో ఒక వింత జరిగెను. ఆ పేటకు ప్రతినిధియై దేశపు పెద్ద శాసనసభలో కూర్చుండి, దేశాధ్యక్షులతో ముఖాముఖి మాటలాడగల ఒక ప్రముఖుడు తన సొంత యూరికి ఆదివారమునాడు మాత్రమే వచ్చుచుండెను. వచ్చి తన దేవాలయమున ధర్మోపన్యాసము చేసి, సోమవారము పుట్టకమునుపే వెడలిపోవుచుండెను. కారణమేమన, ఆ రాష్ట్రపు చట్టము ననుసరించి సివిలు వ్యాజ్యమున పుట్టిన వారంటును ఆదివారమునాడు అమలు జరుపరాదు. తక్కిన ఆఱు దినములలో ఎప్పుడు కాలు పెట్టినను అమీనా పట్టుకొనును. ఆ వారంటును పుట్టించినది దొరతనము వారు కారు. ఆ పేటలోనే కాపురముండు వయసు మళ్లిన ఒక వితంతువు.

ఆ ప్రముఖుని పేరు ఆడం క్లేటన్ పావెల్. అమెరికా నల్లజాతి వారి హక్కులకై పోరాడిన శాసనసభ్యులలో ఆయనవలె ఘనకార్యములు చేసినవారు మిక్కిలి అరుదు. ఆయనవలె చిక్కులను చేజేతుల తెచ్చుకొన్న వారును అరుదే. ఆయన కథను మా పాఠక సోదరీమణులకు చెప్పుటకు మాకొక కారణము కలదు. ఇందులో తప్పు చేసినవాడొకడు, వానిని శిక్షింపబోయి తాము తప్పు చేసిన పెద్దలు కొందఱు. ఆ యిరుపక్షముల వారిని సరిదిద్దినది చట్టమొక్కటియే.

అమెరికా సంయుక్త రాష్ట్రముల శాసనసభకు కాంగ్రెసు అని పేరు. మన దేశములో ఆ పేరు గల రాజకీయ పక్షమునకును దీనికిని సంబంధము లేదు. కాంగ్రెసులో రెండు సభలు కలవు. అందొకటి సెనేటు, రెండవది ప్రతినిధి సభ. ప్రతినిధి సభలో 435 మంది సభ్యులుందురు. వారిని ప్రజలు రెండేండ్ల కొకసారి ఎన్నుకొందురు. ఆ సభలో బిల్లుల బాగోగులన్నియు స్థాయీ సంఘములలో తేలును. సంఘాధ్యక్షుడు తలచినచో బిల్లును నడిపించును. తలపకున్నచో అది బీరువాలోనే నిద్రించును. కనుక ఆ పదవికి గల బలము సామాన్యమైనది కాదు.

పావెల్ 1908వ సంవత్సరము నవంబరు 29వ తేదీన కనెక్టికట్ రాష్ట్రములోని న్యూ హేవెన్ పట్టణమున జన్మించెను. తండ్రికిని అదే పేరు. ఆ తండ్రి అమెరికాలో బానిసత్వము రద్దయిన 1865వ సంవత్సరముననే పుట్టి, కష్టపడి చదివి, న్యూయార్కు నందలి అబిసీనియన్ బాప్టిస్టు దేవాలయమునకు గురువయ్యెను. 1923లో ఆ దేవాలయము హార్లెమ్‌నకు మాఱెను. బాలుడు అక్కడనే పెరిగెను. ఆయన మేనిచాయ మిక్కిలి తెలుపు. చూచినవారు నల్లజాతి వాడని పోల్చుకొనజాలరు. కోల్గేటు కళాశాలలో చేరిన తొలిదినములలో ఆయన తెల్లవాడనియే చలామణి యయ్యెను. నిజము బయటపడినప్పుడు తెల్లవారును నల్లవారును గూడ ఆయనను చిన్నచూపు చూచిరి. జాతిని దాచుకొని బ్రదుకుటలోని అవమానము ఆయన కప్పుడే తెలిసియుండును. 1930లో పట్టము పుచ్చుకొని, కొలంబియా విశ్వవిద్యాలయమున పైచదువు చదివి, 1937లో తండ్రి పీఠము నధిష్ఠించెను.

అవి ఆర్థిక మాంద్యపు రోజులు. హార్లెమ్‌లో పనిలేని వారు, తిండిలేని వారు వీధులు నిండియుండిరి. దేవాలయమున అన్నశాల పెట్టి ఆకలిగొన్న వారికి భోజనము పెట్టించుటతో పావెల్ ప్రజాసేవ ఆరంభమయ్యెను. అటుపిమ్మట ఆయన దృష్టి 125వ వీధిలోని అంగళ్లపై పడెను. అచ్చట సరకులు కొనువారు నల్లజాతి గృహిణులు. అమ్ముటకు నిలుచున్నవారందఱును తెల్లవారు. నల్లజాతి యువతి కొక గుమాస్తా యుద్యోగమైనను దొరకదు. మనవారికి పని యియ్యని చోట మనము కొనరాదని ఆయనయు తోటి నాయకులును పట్టుపట్టించిరి. సంచి చేతబట్టి బజారునకు పోవునది ఇల్లాలు గనుక ఈ పోరాటమునకు అసలు బలము స్త్రీలదే. 1941లో నగరపు బస్సులను గూడ నెలదినములపాటు బహిష్కరించి, నల్లజాతి వారికి డ్రైవరు పనులును మిస్త్రీ పనులును ఇప్పించిరి. ఆ సంవత్సరముననే పావెల్ న్యూయార్కు నగరసభకు ఎన్నికయ్యెను. ఆ సభలో కూర్చున్న తొలి నల్లజాతి సభ్యుడాయనయే.

1944లో హార్లెమ్ ప్రజలు ఆయనను ప్రతినిధి సభకు పంపిరి. న్యూయార్కు రాష్ట్రమునుండి ఆ సభకు వెళ్లిన మొదటి నల్లజాతి వాడు ఆయన. 1945 జనవరిలో ఆయన వాషింగ్టను చేరునాటికి సభలో ఆయన గాక నల్లజాతి సభ్యు డింకొక్కడే యుండెను. చట్టములు చేయు ఆ మందిరమందే సభ్యుల భోజనశాలలోను, మంగలి దుకాణములోను నల్లవారికి చోటులేని ఆచారము సాగుచుండెను. పావెల్ ఎవరి సెలవును అడుగలేదు. తాను భోజనశాలకు పోయి కూర్చుండెను. తన గుమాస్తాలను, హార్లెమ్ నుండి వచ్చిన అతిథులను గూడ వెంటబెట్టుకొని పోయెను. లేచి పొమ్మనుటకు ఎవరికిని నోరాడలేదు. దక్షిణ దేశపు సభ్యుడొకడు ఆయన ప్రక్కన కూర్చుండనని ప్రకటింపగా, ఆయన పనిగట్టుకొని వాని దాపునకే పోయి కూర్చుండుచుండెడివాడట.

1945లో ఆయన హేజల్ స్కాట్ అను ప్రసిద్ధ పియానో విదుషీమణిని వివాహమాడెను. ఇది ఆయనకు రెండవ వివాహము. హేజల్ ట్రినిడాడ్ ద్వీపమున పుట్టినది. బాల్యముననే సంగీతమున ఆఱితేరినది. నల్లవారిని తెల్లవారిని వేఱు వేఱుగా కూర్చుండబెట్టు కచేరీలలో తాను వాయింపనని పట్టుపట్టిన అభిమానవతి. ఆ సంవత్సరము అక్టోబరులో వాషింగ్టను నగరమందలి కాన్‌స్టిట్యూషన్ మందిరమున ఆమె కచేరీ చేయగోరగా, ఆ మందిరము గల స్త్రీల సంఘమువారు ఆమె జాతిని పట్టి నిరాకరించిరి. ఆ సంఘమువారి తేనీటి విందునకు దేశాధ్యక్షుడు ట్రూమన్ భార్యకు అంతకుముందే ఆహ్వానము వచ్చియుండెను. పోవలదని పావెల్ తంతి పంపెను, ఆమె పోయెను. దేశమునకు ప్రథమ మహిళ యని పేరుగన్న ఆమెను పావెల్ కడపటి మహిళ యని ఎత్తిపొడిచెను. ట్రూమన్ మఱెన్నడును ఆయనను తన భవనములోనికి రానియ్యలేదు. పావెల్ నాలుకకు గల పదును ఇట్టిది. ఆ పదునే కొన్ని యేండ్లకు ఆయన మెడకు చుట్టుకొన్నది.

సభలో ఆయన చేసిన పనులలో ముఖ్యమైనది పావెల్ సవరణ యనబడునది. దొరతనము వారి సొమ్ము ఖర్చుపెట్టు ఏ బిల్లు వచ్చినను, జాతిభేదము పాటించు సంస్థలకు ఈ సొమ్ము ఇయ్యరాదను మాట చేర్చవలెనని ఆయన లేచి నిలుచుండెడివాడు. ఇట్టి సవరణవలన మంచి బిల్లులు కూడ పడిపోవునని మిత్రులే విసుగుకొనిరి. ఆయన వినలేదు. ఎట్టకేలకు 1964వ సంవత్సరపు పౌరహక్కుల చట్టమున ఆ నియమమే ఒక ప్రకరణమై నిలిచినది.

1961లో ఆయన విద్యా కార్మిక సంఘమునకు అధ్యక్షుడయ్యెను. అటుపిమ్మటి ఆఱేండ్లలో ఆ సంఘమునుండి వెడలిన చట్టముల జాబితా చూచినచో ఆశ్చర్యము కలుగును. కనీస వేతనమును పెంచిన చట్టము, పనిలేని వారికి వృత్తివిద్య నేర్పు చట్టము, 1964లో దారిద్ర్య నివారణకై వచ్చిన చట్టము, 1965లో బీదపిల్లల బడులకు కేంద్రధనమిచ్చిన చట్టము, కళాశాల విద్యార్థులకు సాయపడు చట్టము — ఇవన్నియు ఆయన అధ్యక్షతను దాటి వచ్చినవే. మా సోదరీమణులు ప్రత్యేకముగా గుర్తింపదగినది 1963వ సంవత్సరపు సమాన వేతన చట్టము. ఒకే పని చేయు స్త్రీకిని పురుషునికిని ఒకే జీతమియ్యవలెనని ఆ చట్టము శాసించెను. ఇందుకై ఆ సంఘములోని సభ్యురాలు ఆరెగాన్ రాష్ట్రపు ఈడిత్ గ్రీను 1955 నుండి పాటుపడుచుండెను. పావెల్ అధ్యక్షుడై యుండగా బిల్లు సభను దాటెను. 1963 జూను 10వ తేదీన దేశాధ్యక్షుడు కెన్నెడీ సంతకము చేసెను.

ఇంతవఱకు చెప్పినది ఒక ప్రక్క. ఇక రెండవ ప్రక్కను చూతము.

1958లో ఆదాయపు పన్ను ఎగవేసినారని పావెల్‌పై దొరతనము వారు నేరము మోపిరి. ఆదాయమును గూర్చి దాఖలైన లెక్కలు ఇందుకు మూలము. 1960లో విచారణ జరిగెను. కొన్ని ఆరోపణలను న్యాయాధిపతియే కొట్టివేసెను. మిగిలినదానిపై జూరీలో ఏకాభిప్రాయము కుదరలేదు. మఱుసటి యేట దొరతనము వారు కేసు ఉపసంహరించుకొనిరి. ఆ చిక్కునుండి పావెల్ తప్పుకొనెను. కాని అదే 1960వ సంవత్సరమున మఱియొక చిక్కును నోటితో కొని తెచ్చుకొనెను.

హార్లెమ్‌లో అంకెల జూదము విరివిగా సాగుచుండెను. జూదము నడుపువారు పోలీసులకు ముడుపులు చెల్లించి నిర్భయముగా వ్యాపారము చేసికొనుచున్నారని పావెల్ సభలో తీవ్రముగా ఉపన్యసించుచుండెను. అమెరికా రాజ్యాంగము సభ్యుని కొక రక్ష యిచ్చినది. సభలో ఆడిన మాటకు సభ్యుని బయటి ఏ న్యాయస్థానమును ప్రశ్నింపరాదు. భయము లేక నిజము చెప్పుటకే ఆ రక్ష. కాని అది సభాద్వారము వఱకే. 1960 మార్చి నెలలో పావెల్ ఒక టెలివిజను సంభాషణలో హార్లెమ్ నివాసిని యగు ఒక వితంతువు పేరెత్తి, జూదరుల ముడుపులను పోలీసులకు మోసుకొని పోవు ఆడది యని పలికెను. ఆ మాట ఇంటింట వినబడెను.

ఆమెకు అధికారము లేదు, ధనము లేదు. ఉన్నది పరువు ఒక్కటే. ఇరుగు పొరుగువారు తనను వ్రేలెత్తి చూపునట్లు చేసిన మాటను ఆమె సహింపలేదు. ఎదుటివాడు హార్లెమ్‌నకు దేవునివంటివాడని ఎఱిగియు పరువునష్టపు దావా వేసెను. ఆ పేటలో ఆయనపై దావా వేయుటకు ఎంత గుండెనిబ్బరము కావలెనో మన స్త్రీలు ఊహింపగలరు. ఊరి పెద్దయొక్క నోటినుండి వచ్చిన నిందను కొంగుతో కన్నీరు తుడుచుకొని దిగమ్రింగిన తల్లులు ఎన్నియిండ్ల లేరు!

1963లో జూరీ ఆమె పక్షమున తీర్పు చెప్పెను. నష్టపరిహారముగాను శిక్షగాను 2,11,500 డాలర్లు పావెల్ చెల్లింపవలెనని తేల్చిరి. అప్పీలులో ఆ మొత్తము 46,500 డాలర్లకు తగ్గెను. తగ్గిన సొమ్మునైనను చెల్లించి, ఒక్క క్షమాపణ మాట చెప్పియున్నచో కథ అక్కడనే ముగిసెడిది. పావెల్ ఆ పని చేయలేదు. నీ ఆస్తి యెంతయో చెప్పుటకు రమ్మని కోర్టువారు పిలిచిన వాయిదాలకు పోలేదు. కాంగ్రెసు సమావేశములు జరుగుచుండగా సభ్యుని పట్టరాదనియు, తాను ఆ న్యాయస్థానమునకు అతీతుడననియు వాదించెను. పోర్టోరికో దీవిలోని తన ఆస్తిని, డిక్రీ దెబ్బకు చిక్కకుండునట్లు బంధువుల పేర మార్చినాడని ఆరోపించి ఆ వితంతువు ఇంకొక వ్యాజ్యమును తెచ్చెను.

వారంటులు పుట్టెను. పావెల్ ఆదివారపు అతిథి యయ్యెను. 1966లో ధిక్కారము నేరస్థాయికి పెరిగి, ఏ దినమునందైనను పట్టుకొనవచ్చునను ఉత్తరువు వచ్చెను. అంతట ఆదివారములు కూడ పోయినవి. ఆయన ఫ్లారిడా తీరమునకు దాపున బహామా దీవులలోని బిమినీ అను చిన్న దీవికి చేరి, అక్కడ చేపలు పట్టుకొనుచు కాలము గడుపసాగెను. తన దేవాలయమునకు గురువు, తన పేటకు ప్రతినిధి, తన సంఘమునకు అధ్యక్షుడు అగు మనుష్యుడు ఒక్క డిక్రీ చెల్లింపక ఆ మూడు చోట్లకును దూరమయ్యెను.

వాషింగ్టనులో గూడ ఆయన నడవడి చర్చకు వచ్చెను. 1962లోనే ఆయన ఇద్దఱు ఉద్యోగినులను వెంటబెట్టుకొని ప్రజాధనముతో యూరపునకు చేసిన యాత్ర పత్రికల కెక్కెను. తరువాత మఱికొన్ని బయటపడెను. సంఘపు ధనముతో కొన్న విమానపు టిక్కెట్లు ఇతరుల పేర వ్రాయబడినవి. మూడవ భార్య పోర్టోరికోలో కాపురముండగా, ఆమెను తన కార్యాలయపు ఉద్యోగినిగా చూపి సాలుకు 20,000 డాలర్లకు పైబడిన జీతము ప్రజల బొక్కసమునుండి వ్రాయించెను. ఈ విషయమున మేము పావెల్‌ను సమర్థింపజాలము. బీదపిల్లల బడికి ధనము తెచ్చిన చేయి ఆ ధనపు విలువను ఇతరులకంటె ఎక్కువగా ఎఱిగియుండవలసినది.

1967 జనవరిలో కొత్త సభ సమావేశమయ్యెను. ఆయన పక్షము వారే ఆయనను సంఘాధ్యక్షత నుండి తొలగించిరి. సభ ఆయనచే ప్రమాణము చేయింపక, విచారణకై ఒక ప్రత్యేక సంఘమును నియమించెను. న్యూయార్కు సభ్యుడు ఇమాన్యుయల్ సెల్లర్ దాని అధ్యక్షుడు. ఆ సంఘమువారు ఫిబ్రవరిలో నివేదిక యిచ్చిరి. పావెల్ తనకు లేని రక్షణను చెప్పుకొని న్యూయార్కు న్యాయస్థానములను లక్ష్యపెట్టలేదు. సభాధనమును దుర్వినియోగము చేసెను. విదేశయాత్రల ఖర్చును గూర్చి తప్పు లెక్కలిచ్చెను. అయినను రాజ్యాంగము కోరిన అర్హతలన్నియు ఆయనకు కలవు గనుక ఆయనచే ప్రమాణము చేయించి, అందఱి యెదుట మందలించి, 40,000 డాలర్ల జుల్మానా విధించి, సభ్యత్వపు పెద్దరికమును తీసివేయుడని వారు సలహా యిచ్చిరి.

ఈ సలహా న్యాయమైనది. తప్పునకు తగిన శిక్ష కలదు. ప్రజల యెన్నికకు మన్నన కలదు. కాని సభకు కోపము అడగలేదు. 1967 మార్చి 1వ తేదీన సభ ఆ సలహాను త్రోసిపుచ్చి, 307 మంది ఔననగా 116 మంది కాదనగా, పావెల్‌ను సభలోనికి రానియ్యక ఆయన పీఠము ఖాళీయని ప్రకటించెను.

ఇచ్చట నల్లజాతి వారి మనస్సున గాయమైనది. అదే యేట జూనులో కనెక్టికట్ రాష్ట్రపు సెనేటు సభ్యుడు, తెల్లజాతి వాడగు థామస్ డాడ్, ఎన్నికలకై పోగుచేసిన ధనమును సొంతమునకు వాడుకొన్నాడని సెనేటు తేల్చెను. 92 మంది కూడి ఆయనను మందలించిరి; పీఠమునుండి మాత్రము కదపలేదు. రెండు సభలు వేఱు, రెండు తప్పులు వేఱు అనవచ్చును. అయినను ఒకనికి మందలింపు, ఒకనికి వెలి ఏలయని హార్లెమ్ ప్రజలు అడిగిన ప్రశ్నకు సరియైన జవాబు దొరకలేదు.

ఆ జవాబును వారు వోటుతో చెప్పిరి. 1967 ఏప్రిల్ 11వ తేదీన ఆ ఖాళీకి ఉపయెన్నిక జరిగెను. పావెల్ బిమినీ దీవిలోనే యుండెను. ఒక్క సభలో మాటలాడలేదు. ఒక్క గడప త్రొక్కలేదు. అయినను వోట్లలో నూటికి ఎనుబదికి పైగా ఆయనకే పడెను. ఆయన తప్పులను హార్లెమ్ ఎఱుగదా? ఎఱుగును. కాని మా ప్రతినిధిని ఎన్నుకొనువారము మేమా, మీరా అనునది అప్పటి ప్రశ్న.

పావెల్ ఆ గెలుపుతో సభకు పోక న్యాయస్థానమునకు పోయెను. వారంటునకు వెఱచి న్యాయస్థానమును తప్పించుకొని తిరిగిన ఆయనయే ఇప్పుడు న్యాయస్థానపు మెట్లెక్కి న్యాయమడుగవలసి వచ్చెను! హార్లెమ్ వోటర్లు కొందఱు ఆయనతో కూడ వాదులైరి. కేసు నడుచుచుండగానే 1967లో ఆయన ఉపన్యాసముల గ్రామఫోను రికార్డుపై వచ్చిన సొమ్ముతో వితంతువు బాకీలో ఒక భాగము చెల్లింపబడెను. 1968లో ఆయన న్యాయస్థానమునకు లొంగి, విడుదల పొంది, హార్లెమ్ వీధులలో మరల నడువసాగెను. ఆ యేడు నవంబరు ఎన్నికలలో మరల గెలిచెను. 1969 జనవరిలో సభ ఆయనచే ప్రమాణము చేయించెను. కాని 25,000 డాలర్ల జుల్మానా వేసి పెద్దరికమును తొలగించెను.

1969 జూను 16వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఎనమండుగురు న్యాయమూర్తులలో ఏడుగురు పావెల్ పక్షమున నిలిచిరి. ప్రధాన న్యాయమూర్తి ఎరల్ వారెన్ ఆ తీర్పును వ్రాసెను. తీర్పు సారమిది. ప్రతినిధి సభకు ఎన్నికగు వానికి రాజ్యాంగము మూడే అర్హతలు విధించినది: ఇరువదియైదేండ్ల వయసు, ఏడేండ్ల పౌరసత్వము, ఎన్నికయగు రాష్ట్రమున నివాసము. ఈ మూడును గలవానిని సభ లోపలికి రానియ్యవలసినదే. నాలుగవ అర్హతను సభ తనంత తాను సృష్టింపరాదు. లోపలికి వచ్చిన పిదప దుర్మార్గము చేసిన సభ్యుని మూడింట రెండువంతుల వోట్లతో బహిష్కరించు అధికారము సభకు వేఱుగా కలదు; ఆ త్రోవన పోవలెను.

307 వోట్లు మూడింట రెండువంతులకు మించినవే కదా యని కొందఱు వాదించిరి. న్యాయస్థానము అంగీకరింపలేదు. ఆనాడు సభాపతి, సగమునకు మించిన వోట్లు చాలునని చెప్పి వోటు తీసికొనెను. సభ్యులు వోటు వేసినది రానియ్యకుండుటకు. వచ్చినవానిని వెళ్లగొట్టుటకు కాదు. వేసిన వోటును తరువాత వేఱొక పేరు పెట్టి పిలువరాదని తీర్పు.

ఇందొక విశేషము కలదు. సభలో ఆడిన మాటకును వేసిన వోటునకును సభ్యులపై దావా చెల్లదు గనుక వారిని కేసునుండి తప్పించిరి. కాని వారి యాజ్ఞను అమలు జరిపిన ఉద్యోగులపై దావా చెల్లునని పలికిరి. జీతపు చెక్కును ఆపిన ఉద్యోగి, తలుపు వద్ద అడ్డగించిన ద్వారపాలకుడు — వీరు ప్రతివాదులుగా మిగిలిరి. సభకు వెలుపల పావెల్‌ను కాపాడని రక్షయే సభలోని వందలాది సభ్యులను కాపాడెను. కాని ఆ రక్ష గుమ్మము దాటదని రెండుసార్లు తేలినది.

తీర్పు వచ్చినను పోయిన పెద్దరికము, అధ్యక్షత ఆయనకు తిరిగి రాలేదు. ఆయన సభకు వచ్చుటయు తగ్గెను, ఆరోగ్యము చెడెను. ఆయనను ఇరువదియైదేండ్లు మోసిన హార్లెమ్ ప్రజలు గూడ విసుగుచెందిరి. 1970లో పక్షము లోపలి యెన్నికలో చార్లెస్ రాంజెల్ అను యువకుడు సుమారు 150 వోట్ల తేడాతో ఆయనను ఓడించెను. సభ తీసివేయలేని వానిని ప్రజలు తీసివేసిరి. ఆ యధికారము వారిదే గనుక దానిపై దావా లేదు, అప్పీలు లేదు. పావెల్ 1972 ఏప్రిల్ 4వ తేదీన మయామీ నగరమున తన అఱువదిమూడవ యేట మరణించెను. ఆయన కోరిక ప్రకారము చితాభస్మమును బిమినీ వద్ద చల్లిరి. హార్లెమ్‌లోని ఏడవ అవెన్యూ అను రాజవీధి నేడు ఆయన పేర వెలయుచున్నది.

ఆయనను ఓడించిన రాంజెల్ నలుబదియేండ్లకు పైగా ఆ పీఠమున కూర్చుండెను. పన్నుల విషయములోను ఇతర విషయములలోను తప్పులు చేసినాడని 2010 డిసెంబరులో సభ ఆయనను గూడ మందలించెను. కాని ఈసారి సభ పీఠము జోలికి పోలేదు. విచారించి, తప్పు చెప్పి, సభామధ్యమున నిలువబెట్టి మందలించి విడిచెను. 1967లో సెల్లర్ సంఘము చూపినది ఈ త్రోవయే.

పావెల్ మంచివాడా, చెడ్డవాడా యని మా సోదరీమణులు అడుగవచ్చును. అట్టి ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పుట మాకు సాధ్యము కాదు. ఆయన వలన లక్షల బిడ్డలకు బడి కలిగినది. స్త్రీల చేతికి వచ్చు జీతము పెరిగినది. ఆ పుణ్యమును ఆ వితంతువు బాకీక్రింద చెల్లువేయుటకు మాత్రము వీలులేదు. లోకమున కెంత మేలు చేసినవాడైనను ఒక దిక్కులేని స్త్రీని నోటికి వచ్చినట్లు నిందించినచో, ఆ స్త్రీకే బదులు చెప్పవలెను. అటులనే ఆయన తప్పుచేసినవాడని యెంతగా ఋజువైనను, కోపము వచ్చిన పెద్దలు చట్టమును ప్రక్కకు నెట్టి ఆయనను వీధిలో నిలువబెట్టుటకు వీలులేదు.

మన యిండ్లలో గూడ ఈ రెండు తప్పులను మనము నిత్యము చూచుచున్నాము. సంపాదించు కుమారుడు, పదిమందికి మేలుచేయు పెద్దమనిషి ఒక మాట తూలినప్పుడు, ఆయన గొప్పతనము చూచి ఊరకుండుమని మాటపడిన స్త్రీకే బుద్ధులు చెప్పుదురు. ఎవరైన తప్పుచేసినవారు దొరికినప్పుడు, చేసిన తప్పెంత, వేయు శిక్షయెంత యని కొలువక, నలుగురును కూడి గుమ్మము మూసివేయుదురు. హార్లెమ్ వితంతువు మొదటిదానికి లొంగలేదు. హార్లెమ్ వోటర్లు రెండవదానికి లొంగలేదు. ఆమె అడిగినది తన పరువు. వారడిగినది తమ వోటు. ఉభయులకును న్యాయస్థానము ఔననే చెప్పెను. ఒకే మనుష్యుని విషయమున, ఒకసారి ఆయనకు వ్యతిరేకముగాను ఒకసారి ఆయనకు అనుకూలముగాను పలికినను, చట్టము పలికిన మాట ఒక్కటియే.